రెండో గిన్నె కూర

“సంతల దొరికే వంకాయకు, నీ వంకాయకు ఫరక్ ఏంది లాలీ? తినిపిచ్చి చూపెట్టు. లేకుంటే వచ్చే బుధవారం నుంచి నీ ఆటో గేటు బయటనే!”

హాస్టల్ వార్డెన్ రవికుమార్ అందరి ముందూ అనేశాడు. లాలిది కారేపల్లి పక్క తండా. ఈ యూనివర్సిటీ క్వార్టర్లలో అరవై ఇళ్లవాళ్లు ఆమె చేలో వాటాదారులు. ప్రతి బుధవారం చేను ఏమిస్తే అదే సంచిలో వస్తుంది. బీరకాయలైతే బీరకాయలు, గోంగూరైతే గోంగూర. ఈ వాటాలు పోతే లాలి మళ్లీ మార్కెట్లో దళారి కాళ్ల దగ్గర గంప దించాల్సిందే. వార్డెన్‌కేమో తన మనిషి గోపాలుకు కూరగాయల కాంట్రాక్టు ఇప్పించుకోవాలని ఆరాటం.

“అట్లనే సారూ, వండిపియ్యుండ్రి,” అంది లాలి, ఏమాత్రం తగ్గకుండా.

శనివారం మెస్సులో పరీక్ష అని ఎస్టీడీ బూత్ గోడకు నోటీసు అంటించారు. రెండు గిన్నెల వంకాయ కూర. ఒకటి లాలి సంచిలోది, ఒకటి గోపాలు తెచ్చింది. ఒకే నూనె, ఒకే కారం. ఏది ఎవరిదో మెస్సులో వంటమనిషి సంపూర్ణకు తప్ప ఎవరికీ తెలియదు.

“బుధవారం నాటి కాయలు వాడిపోయినయ్. ఇయ్యాల తెంపినయి తెచ్చిన సారూ,” అని లాలి ఎంత చెప్పినా వార్డెన్ వింటేగా!

“కుదరదు. బుధవారం సంచిల ఉన్నయే వండాలె.”

జనం వరసలో నిలబడ్డారు. మొదటి గిన్నె కూర తిని “బాగానే ఉంది” అన్నారు. రెండో గిన్నె దగ్గర మాత్రం, చెప్పొద్దూ, ఒక్కరు కదిలితే ఒట్టు!

“అబ్బ, వెన్నలా కరిగిపోతోందండీ!”

“ఇంకో గరిటె వెయ్యమ్మా సంపూర్ణా!”

లాలి ఛాతీ పొంగిపోయింది. నా చేను కాక ఇంకేంది అనుకుంది. పరీక్ష చూడ్డానికి వచ్చిన ప్రిన్సిపాల్, ఏది బాగుందో చేతులెత్తి చెప్పమన్నాడు. యాభైకి పైగా ఇళ్లవాళ్లు రెండో గిన్నెకే ఎత్తారు.

“చెప్పమ్మా, రెండోది ఎవరిది?”

సంపూర్ణ లాలి వైపు చూడలేకపోయింది.

“గోపాలుది సార్.”

లాలికి కళ్లనిండా నీళ్లు తిరిగాయి. అయిపోయింది. ఇక దళారి గడపే గతి.

వార్డెన్ మాత్రం బల్ల గుద్దాడు. “చూసిండ్రా? వాటాలంట, వాటాలు! సార్, ఈ వంకాయలు యాడికెంచి వచ్చినయో, ఇగ అన్ని కూరగాయలు ఆడికెంచే రావాలె. అందరి ముంగట ఆర్డరు రాయుండ్రి!”

“న్యాయమే కదా,” అన్నాడు ప్రిన్సిపాల్. కాగితం తెప్పించి, రాసి, సంతకం కూడా పెట్టేశాడు. ఊరి పేరు రాయాల్సిన చోటు మాత్రం ఖాళీగా ఉంచాడు.

“సిగ్గెందుకు గోపాలూ? ఇంత మంచి వంకాయ యాడ దొరికిందో జెర గట్టిగ చెప్పు!” వార్డెన్ గోపాలు వీపు తట్టాడు.

గోపాలు బుర్ర గోక్కున్నాడు.

“ఎట్లన్న జేసి గెలవాలె అంటిరి గద సార్. ఖమ్మం తిరిగిన, వైరా తిరిగిన, మంచి కాయ దొరకలే. ఆఖరికి ఇయ్యాల పొద్దుగాల తండకు పోయి, లాలక్క ఇంటాయనను బతిమిలాడి, ఆమె చేన్లనే తెంపుకొచ్చిన!”