మొదట లేచిన చెయ్యి

"మా పాపని బడికి పంపిస్తున్నానా, కుండలు చేయడానికి పంపిస్తున్నానా?"

పాప నాన్న లేచి నిలబడి గట్టిగా అడిగేసరికి, పిల్లల కుర్చీల్లో ఇరుక్కుని కూర్చున్న తల్లిదండ్రులందరూ అటు తిరిగారు.

టీచర్ కదల్లేదు. ఆమె వెనక బల్ల మీద తడి మట్టి ముద్దలు, ఇసుక పళ్లేలు, నీళ్ల తొట్టి, గరాటాలు. నాలుగేళ్ల పిల్లల తరగతి అది. కాపీ పుస్తకాలను ఆమె మొదటి రోజే అటకెక్కించేసింది. ఇక్కడ పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతారు. గులకరాళ్లు ఏరి లెక్క నేర్చుకుంటారు. ఇవాళ దేని జోలికి పోవాలో వాళ్లే తేల్చుకుంటారు. బళ్లో అందరూ ఆమెను మట్టి టీచర్ అంటారు. ఆ పేరంటే ఆమెకు గర్వం.

"నిన్న నా కాఫీ తీసుకెళ్లి మూడు గిన్నెల్లో పోసింది. ఎందుకే అంటే, గిన్నె మారితే కాఫీ తగ్గుతుందేమో చూస్తోందట! పక్కింటి పిల్ల వంద దాకా గడగడా అప్పజెప్తోంది. మా దానికి ఇంకా పెన్సిల్ పట్టుకోవడమే రాదు."

"తగ్గదని తెలుసుకుందిగా?" అంది టీచర్. "పెన్సిల్‌దేముందండీ. వేళ్లకి బలం వస్తే అదే వస్తుంది. ఆ బలం మట్టి పిసికితే వస్తుంది."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన మొహం కందగడ్డలా అయింది.

"చూశారా సార్? రోజూ చెప్తూనే ఉన్నాను. ఈవిడ చెవికెక్కించుకోదు!"

ప్రిన్సిపాల్ ఆయన వైపోసారి, టీచర్ వైపోసారి చూసి చేతిలో కాగితాలు సర్దుకున్నాడు.

మనవడి తరఫున వచ్చిన ఓ తాతగారు కల్పించుకున్నాడు. "పాప వాళ్లమ్మ ఏమంటోంది బాబూ?"

"వాళ్లమ్మ సంగతి ఎత్తకండి. ఆవిడది టీచర్ మాటే. ఇంట్లో గొడవంతా అందుకే." ఆయన గొంతు తగ్గింది. "రేపు ఒకటో తరగతి సీటుకి పరీక్ష పెడతారండీ. అందరూ రాస్తుంటే నా కూతురు దిక్కులు చూస్తూ కూర్చోవాలా?"

ఆ మాట వెనక భయం టీచర్‌కి తెలుసు. అయినా మెత్తబడలేదు.

ప్రిన్సిపాల్ గొంతు సవరించుకున్నాడు. "ఈ పద్ధతి వద్దనుకునేవాళ్లు చేతులెత్తండి. మీ పిల్లల్ని పక్క సెక్షన్‌కి మారుస్తాం. సగం మంది వద్దంటే ఈ తరగతే ఎత్తేద్దాం."

మొదట లేచింది పాప నాన్న చెయ్యే.

టీచర్ ఆ చెయ్యి వంకే చూస్తూ నిలబడింది. ఆ వెనక ఇంకోటి లేచింది. మరోటి. ఇంకా లేస్తున్నాయి.

"టీచర్ గారూ, పోనీ రోజుకో గంట రాయించండి. గొడవ వదిలిపోతుంది," అన్నాడు ప్రిన్సిపాల్ బతిమాలుతున్నట్టు.

"ఒక్క నిమిషం కూడా రాయించను. ఒక్క పిల్ల మిగిలినా ఈ మట్టి ఇక్కడే ఉంటుంది. నన్ను తీసేస్తారా, తీసేయండి!"

తాతగారు కుర్చీలోంచి లేచాడు. "మావాణ్ణి మాత్రం కదపకండి. ఆదివారం కూడా బడికి పోదామని నా ప్రాణం తోడేస్తున్నాడు."

గదంతా నవ్వింది. లేచిన చేతులు ఒక్కొక్కటే దిగిపోయాయి. తరగతి నిలిచింది.

పాప నాన్న మాత్రం చెయ్యి దించలేదు. "మా పాపని మార్చండి," అన్నాడు.

"మార్చుకోండి," అంది టీచర్. "పిల్ల చేతులు పిల్లతోనే వస్తాయి. వాటినేం చేస్తారు?"

ఆయన వరండాలో ఆడుకుంటున్న పాపను తీసుకుని గేటు వైపు నడిచాడు.

అందరూ వెళ్లాక టీచర్ మట్టి ముద్దలు ఎండిపోకుండా తడిగుడ్డ కప్పింది. తలుపుకి తాళం వేసింది. చేతులు కడుక్కోలేదు.

గేటు బయట పాపను ముందు నిలబెట్టుకుని, స్కూటరు స్టార్ట్ చేసి ఎదురుచూస్తున్న పాప నాన్న వెనక సీటెక్కి, ఆయన భుజం మీద ఆ మట్టి చెయ్యి వేసి, "పోనివ్వండి, దారిలో మన పాపకి ఇంట్లోకి ఓ ఇసుక బస్తా కొనాలి," అంది.