కడప నుంచి రాజమండ్రికి ఒక అలక

తాను వండిన రాగిసంగటి ఉండలు కట్టిందని కోడలు ప్రసూన అన్న పాపానికి ఓబుళమ్మ అలిగి, రాజమండ్రిలోని చెల్లెలింటికి బయల్దేరింది. అలగడం ఆమెకు కొత్త కాదు. వెనకటికి కడప బస్టాండులో మూట పక్కన పెట్టుకుని కూర్చుంటే, బస్సు వచ్చేలోగా ఎవరో ఒకరు వచ్చి బతిమాలి తీసుకుపోయేవారు. ఆ లెక్కన ఆమె ఇన్నేళ్లూ అలిగిందే గానీ రాజమండ్రి చూసింది లేదు.

ఇప్పుడు ఊరూరికీ విమానాలు షేరు ఆటోల్లా తిరుగుతున్నాయి. కడపలో ఎక్కినవాళ్లను వక్కాకు నమిలేలోగా రాజమండ్రిలో దింపేస్తాయి. అలిగినవాళ్లకు ఇంత వేగం పనికిరాదు.

"ఎక్కుతావా అవ్వా?" అని ఆ బస్టాండులోనే దిగిన డ్రైవరు లేని విమానం తలుపు తెరిచి అడిగింది.

"నువ్వు పో నాయనా, మావాళ్లు రావాల," అంది ఓబుళమ్మ.

వచ్చిన విమానాన్నల్లా అలాగే సాగనంపుతూ, మెడ నొప్పెట్టేదాకా గేటు వైపు చూసింది. ఎవరూ రాలేదు. నిజంగానే పోవాల్సి వస్తుందేమోనని మొదటిసారి భయమేసింది. అప్పుడు ప్రసూన ఫోన్ చేసింది.

"యాడుండావత్తా? నువ్వు చేరిపోయుంటావని, బతిమాలేదానికి నేనూ విమానమెక్కి చిన్నత్త ఇంటికొస్తి."

"నేనింకా కడపలోనే ఉండా," అని నసిగింది ఓబుళమ్మ. "వచ్చెయ్యి, ఇంటికి పోదాం."

"చిన్నత్త నాలుగు దినాలుండి పొమ్మంటాంది. ఈడ నన్నెవురూ సంగటి తినమనడంల్యా."

ఓబుళమ్మ మూట చంకనెత్తుకుని తర్వాతి విమానం ఎక్కింది. అలిగిందీ తనే, బతిమాలడానికి పోతున్నదీ తనే. ఉండలు కట్టిన మాట నిజమేనని ఒప్పుకుంటే తప్ప కోడలు కదలదు. ఆ మాట నోటికి అలవాటు చేసుకునేలోగానే విమానం గోదావరి మీదుగా దిగసాగింది.