సమాధుల కింద వెండి

చెక్ దేశంలోని ఆ చిన్న ఊరి కింద పాత వెండి గనులున్నాయి. సోలార్ పలకలకు వెండి చాలక ఇప్పుడు యంత్రాలు వాటిని మళ్లీ తవ్వుతున్నాయి. పైన ఇళ్లు కుంగుతున్నాయి. జ్దెన్కా ఒరిగిపోయిన పొయ్యి కింద చెక్కముక్కలు పెట్టి, సమం చేసుకుని వండుతోంది.

ఆ ఉదయం భర్త బోహుమిల్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

“యంత్రాలు శ్మశానం కిందికొచ్చేశాయట. ఎవరి వాళ్లను వాళ్లు తవ్వి తీసుకెళ్లమంటున్నారు.”

“పాపను ఎక్కడికి తీసుకెళ్దాం?”

“ముందు ఇంటికి తెచ్చుకుందాం.”

చిన్నప్పుడే పోయిన కూతురి సమాధిని ఇద్దరూ పారలతో తవ్వారు. మోకాలి లోతుకు వెళ్లగానే మట్టి లోపలికి జారిపోయింది. శవపేటిక లేదు. చీకటి గొయ్యి అడుగు నుంచి యంత్రాల చప్పుడు వినిపించింది.

“ఇక పద,” అన్నాడు బోహుమిల్.

జ్దెన్కా కదల్లేదు. ఒంటిమీది శాలువా తీసి గోతిలోకి వదిలింది.

“గనిలో చలిగా ఉంటుంది,” అంది.