కట్టయ్య రక్తం

"ఆ బీడీ పారేయకండి కట్టయ్యగారూ, కానీయండి!" గుమ్మంలోంచే కేకపెట్టాడు ప్రొఫెసర్ కృష్ణమోహన్.

కొత్తవాడలోని తన ఇంట్లో జంపఖానా మగ్గం ముందు కూర్చున్న కట్టయ్య, బీడీని వీపు వెనక దాచబోతూ అలాగే ఆగిపోయాడు. అరవై ఎనిమిదేళ్ల బతుకులో బీడీ తాగమన్న చదువుకున్నవాడు ఎదురవడం అతనికి ఇదే మొదటిసారి.

"రెండు నెలల కింద శిబిరం పెట్టి మీ వాడకట్టోళ్ల రక్తం తీసుకున్నం గదా. రెండు వందల మందిలో మీ ఒక్కరిదే వేరు" అన్నాడు కృష్ణమోహన్, నులక మంచం మీద కూలబడుతూ.

"ఏమన్న రోగమా సారూ?"

"రోగం లేకపోవుడే వింత!"

వెంట వచ్చిన పరిశోధక విద్యార్థిని ఇందు నసిగింది. "ఎక్కడో పొరపాటు జరిగుంటది సార్..."

కృష్ణమోహన్ వినిపించుకోలేదు. ఈ నెలాఖరులోగా కొత్త సంగతేదీ చూపించకపోతే అతని ఐదేళ్ల ప్రాజెక్టు మూసేస్తామని ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది. సరిగ్గా అప్పుడే దొరికాడు కట్టయ్య.

"మన కణాల్లో ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లని కొన్ని ప్రొటీన్లుంటయి. ఏ జీన్ పనిచెయ్యాలె, ఏది ఊకుండాలె అని చెప్పేటివి అవే. ఒకటి రక్తనాళాల గోడల్లో వాపు రగిలిస్తది. ఇంకోటి దాన్ని చల్లారుస్తది. బీడీలు తాగినా, నిద్ర లేకపోయినా, ఊకె కోపం చేసినా మొదటిది రెచ్చిపోతది. గోడలు చెడిపోతయి, గుండెపోటు వస్తది. మీ రక్తంలో మాత్రం రగిలించేది పండుకున్నది, చల్లార్చేది కావలి కాస్తాంది!"

కట్టయ్య మీసం మెలేశాడు. "ఇన్నవానే?" అని వంటింటి వైపు అరిచాడు. "బీడీ బీడీ అని రోజూ నా పానం తింటవు. సారు ఏమంటాండో ఇను!"

లోపల అతని భార్య అనసూర్య గిన్నెను ఠంగుమని కింద పెట్టింది.

కృష్ణమోహన్ పెన్ను తీశాడు. "రోజుకెన్ని బీడీలు?"

"రెండు కట్టలు."

"నిద్ర?"

"మూడు గంటలు పడితే గొప్ప."

"కోపం?"

"నాకు కోపమని ఎవడన్నడు?" కట్టయ్య ఇంతెత్తున లేచాడు.

కృష్ణమోహన్ పరమానందంగా రాసుకున్నాడు. "తిండి?"

"పొద్దుగాల కల్లు, మాపటికి మటన్. కూరగాయలు నా కండ్లకు చూపియ్యద్దు."

పేజీ నిండింది. ప్రపంచంలో ఏ శాస్త్రవేత్తకూ దొరకని మనిషి తనకు వరంగల్లులో దొరికాడనుకునేసరికి కృష్ణమోహన్ కళ్లు చెమర్చాయి. వంగి కట్టయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు.

"సార్, ఇంకొక్క శాంపిల్ తీసుకుందాం" అంది ఇందు. "రెండోసారి కూడ గట్లనే వస్తే ఇగ ఎవ్వరూ కాదనలేరు."

ఆ మాట కృష్ణమోహన్‌కు నచ్చింది. ఇందు సంచిలోంచి సిరంజి తీసింది.

సూదిని చూడగానే కట్టయ్య మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. రెండు చేతులూ లాక్కుని చంకల్లో దాచుకున్నాడు.

"ఫికర్ చెయ్యకండి. పోయినసారి ఇచ్చిందే గదా?" అన్నాడు కృష్ణమోహన్.

కట్టయ్య గోడకు ఆనుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, వంటింటి వైపు గొంతెత్తాడు.

"అనసూర్యా, జర జల్ది రావే! సారు మళ్ల నా రక్తం అడుగుతాండు, పోయినసారి లెక్కనే నీ చెయ్యి ఇయ్యి!"