పాలసొర సంచీ

“ఈ సంచీ విమానం ఎక్కదండీ” అంది కౌంటర్లో అమ్మాయి.

ధర్మేంద్రకి ఒళ్లు మండిపోయింది.

ఎక్కదంటే? అందులో ఉన్నది బాంబు కాదు, ఎండబెట్టిన పాలసొర చేప. పోర్ట్ బ్లెయిర్లో చెల్లెలు కుమారి పచ్చి బాలింత. పాలు చాలక బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోందని ఫోను. బాలింతకి పాలసొర పులుసు పెడితే పాలు పడతాయని నౌపడ తీరంలో ఎవర్నడిగినా చెబుతారు. అందుకే తల్లి కూర్మమ్మని వెంటబెట్టుకుని, చేపల వ్యాపారం మానుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి విమానం ఎక్కుతున్నాడు.

“వాసన బయటికొస్తోందండీ. గాలి చొరబడకుండా ప్యాక్ చేసి తెస్తేనే తీసుకుంటాం.”

“బాలింత సెల్లి కోసం మాయమ్మ దాసినాది! ఇప్పుడు నానెక్కడ సేయించీది? ఇమానం ఎల్లిపోదేటి?”

“రూలండీ. నా చేతిలో లేదు.”

వెనక వరసలో ఒకాయన ముక్కు మూసుకుని “తొందరగా తేల్చండమ్మా” అన్నాడు.

అంతే, ధర్మేంద్ర ఫోను బయటికి తీశాడు.

“సూసినావేటమ్మా? మన సేపలంటే ఈలకి అసయ్యం! మొత్తం లోకానికి సూపిస్తాను.”

“దయచేసి వీడియో తీయకండి సార్.”

“ఏటి, మాట్లాడే అక్కు నాకు లేదేటి? రాజ్యాంగం ఇచ్చినాది!”

ఇచ్చింది, నిజమే. కాదన్నదెవరు?

ఆమె గుండెల మీదున్న పేరు బిళ్ల దగ్గరికి ఫోను పెట్టాడు. ప్రిస్కిల్లా.

“పేరు సూడండి బాబూ అందరూ! సేపలోల్లంటే ఈవిడికెంత సులకనో సూడండి!”

ఆమె ముఖం పాలిపోయింది. అతను ఫోను జేబులో పెట్టాక మెల్లగా అంది, “సంచీ ఇక్కడ వదిలి వెళ్లండి. నేను చూస్తాను.”

“సూసీదేటి? సెత్తబుట్టలో పారీసుకో!”

కూర్మమ్మ సంచీని వెనక్కి వెనక్కి చూసుకుంటూ, కళ్లొత్తుకుంటూ నడిచింది.

ఎక్కే ముందు పెట్టిన వీడియోని, విమానం దిగి ఫోను తెరిచేసరికి రెండు లక్షల మంది చూసేశారు. ‘పేదోడి గొంతు’ అన్నాడొకడు. ‘దాన్ని పీకెయ్యాలి’ అన్నాడింకొకడు. ధర్మేంద్ర మీసం మీద చెయ్యి వేసుకున్నాడు.

చెల్లెలింట్లో బిడ్డ ఏడుస్తూనే ఉంది. ఆ ఏడుపు ముందు రెండు లక్షలు ఎందుకూ కొరగాలేదు.

మూడో రోజు విమానాల సరుకు ఆఫీసు నుంచి ఫోను. టిక్కెట్టు మీదున్న అతని నంబరుకే చేశారు. మీకో పార్సిలొచ్చింది, పట్టుకెళ్లండి అన్నారు.

విప్పితే అట్టపెట్టె. అందులో కవరు, కవర్లో మళ్లీ కవరు, దాన్లో ఇంకో కవరు. అన్నిటి లోపలా పాలసొర. ఒక్క ముక్క పోలేదు. పెట్టె మీద పంపినవారు: ప్రిస్కిల్లా. కింద విజయనగరం చిరునామా.

కూర్మమ్మ నోరు నొక్కుకుంది.

“ఓలమ్మా! ఈ తల్లినేట్రా నువ్వు ఊరూవాడా తిట్టించీసినావు?”

ధర్మేంద్ర వెంటనే విమానాల కంపెనీకి ఫోన్ చేశాడు.

“ఆయమ్మ తప్పు లేదండీ. నానే నోరు పారీసుకున్నాను.”

“ఆవిణ్ని మొన్ననే తీసేశాం కదండీ.”

“తీసీసినారా? ఆవిడేటి సెప్పుకుందండీ?”

“అడగలేదండీ. వీడియో ఉంది కదా. కాంట్రాక్టు మనిషే లెండి.”

లెండి! ఎంత తేలిగ్గా అన్నాడో మహానుభావుడు!

ధర్మేంద్ర వీడియో తీసేశాడు. అప్పటికే అది ఎన్ని ఫోన్లలో తిరుగుతోందో దేవుడికెరుక. తప్పు నాదేనని ఇంకో వీడియో పెట్టాడు. పన్నెండు మంది చూశారు.

పులుసు తిన్న కుమారికి పాలు పడ్డాయి. బిడ్డ నిద్రపోయింది. ధర్మేంద్రకి మాత్రం కంటి మీద కునుకు లేదు.

పది రోజులకి తల్లిని అక్కడే ఉంచి తిరిగొచ్చాడు. సొంతూరికి పోలేదు, పెట్టె మీది చిరునామా పట్టుకుని తిన్నగా విజయనగరం వెళ్లాడు. చర్చి వెనక సందులో రెండు గదుల ఇల్లు. తలుపు తీసినతను ఆమె భర్త సంజయ్.

“వీడియో తీసింది నానే బావా. కొట్టు. ఎంత కొట్టినా పడతాను.”

సంజయ్ తలుపు బార్లా తెరిచాడు.

“కొడితే ఉద్యోగం వచ్చీస్తాదేటి? రండి, కూకోండి.”

“ఆయమ్మ ఏదండీ?”

“బట్టల కొట్లో పనుందంటే అడగడానికెల్లింది.”

“జరిగింది జరిగినట్టు తనూ ఓ వీడియో పెట్టొచ్చు కదేటి? నన్ను తిట్టొచ్చు కదా.”

“బయట నోరు విప్పకూడదని చేరినప్పుడే సంతకం పెట్టించీసుకున్నారండీ.”

ధర్మేంద్ర తలొంచుకున్నాడు. మాట్లాడే హక్కు కోసం అంత అరిచాడు గానీ, ఎదుటి మనిషికి అది లేదని ఆ వేళ తోచనే లేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

అంతలో లోపల ఏడుపు వినిపించింది. సంజయ్ పరుగున వెళ్లి పసికందుని ఎత్తుకొచ్చి, పాలసీసా నోట్లో పెట్టాడు.

“ఎన్నాల్ల పిల్లండీ?” ధర్మేంద్ర లేచి దగ్గరికొచ్చాడు.

“యాభై రోజులు. నెల దాటినా రాకపోతే తీసీస్తామని బెదిరిస్తే డ్యూటీకెల్లిపోయింది. ఆలమ్మ బతికి లేదు, పత్తెం వండి పెట్టీవోలూ లేరు.”

“మరి ఆ పాలసొర... ఈ ఇంట్లోనే కట్టినారా?”

“ఇక్కడే కట్టినాం. ‘రెండు ముక్కలుంచుకోయే, నీకూ పాలు పడ్డం లేదు కదా’ అంటే, ‘అది ఇంకో బాలింత కోసం ఆలమ్మ దాసింది, మనకొద్దు’ అని మొత్తం కట్టీసిందండీ.”