కొండ మీద పిట్ట

“ఇదేనా మీరు నేర్పే చదువు?”

పెయింటర్ ఫోన్‌ని టీచర్ ముఖం మీదికి చాపాడు. రెండో చేత్తో నాలుగేళ్ల కూతురి రెక్క పట్టుకుని ఉన్నాడు. పిల్ల పెదవులు బిగించి ఉంది. చెంప మీద ఎరుపు ఇంకా తగ్గలేదు.

గది మధ్యలో నేల మీద సుద్దముక్కతో చాపంత ‘గ’ గీసి ఉంది. పదిమంది పిల్లలు ఒకరి వెనక ఒకరు దాని మీద నడుస్తూ, “కొండ ఎక్కు, కొండ దిగు, పైన పిట్ట వాలు!” అని అరుస్తున్నారు. తలకట్టు దగ్గరికి రాగానే ఒక గంతు వేసి పిట్టలా కూర్చోవాలి. పెయింటర్ గొంతు విని, కొండ దిగుతున్నవాడు సగంలోనే ఆగిపోయాడు.

టీచర్ ఫోన్ చూసింది. లేత పసుపు గోడ. దాని మీద నీలం క్రేయాన్‌తో వంకరటింకర ‘గ’లు. ఒకటా రెండా, నలభై దాకా ఉన్నాయి.

“ఊళ్లోవాళ్ల గోడలన్నీ నిగనిగలాడించేవాణ్ణి. నా ఇంటి గోడ చూడండి! మైనం మీద మళ్లీ రంగు నిలుస్తుందా? మొత్తం గీకి పారెయ్యాలి. దండెం మీది దుప్పటి చాటున దాచిపెట్టి మరీ రాసింది దొంగమొహంది. పొద్దున దుప్పటి లాగితే బయటపడింది.”

“పిల్లని కొట్టారా?” అంది టీచర్.

“కొట్టక ముద్దు పెట్టుకుంటారా? అది ఎవరి గదో తెలుసా మీకు? మా నాన్నది! పక్షవాతంతో కుడిపక్క పడిపోయి ఎనిమిది నెలలైంది. ముక్కు మీద ఈగ వాలినా ఆ చెయ్యి లేవదు. వ్యాయామం చేయించడానికి మనిషిని పెడితే గ్లాసు విసిరి తరిమేశాడు. పొద్దంతా ఆ కుర్చీలో గోడ పక్కన కూర్చునే మనిషి, కళ్లముందు కాస్త వెలుగైనా ఉంటుందని ఆదివారం పని మానుకుని వేశానండీ ఆ రంగు!”

చివరి మాట దగ్గర అతను ముఖం పక్కకి తిప్పుకున్నాడు. అది దాచుకోవడానికి ఇంకా గట్టిగా అరిచాడు.

“నెల్లాళ్ల నుంచి ఒకటే అక్షరం! పిండి ముద్దతో గ, ఇసకలో గ, తడిగుడ్డతో గోడ మీద గ! పైగా నేర్చుకున్నది ఇంట్లో ఒకరికి నేర్పి రావాలట. నాకు తీరికా? వాళ్లమ్మకి తీరికా? గోడకి నేర్పింది!”

కేకలు విని పెద్ద మేడమ్ పరుగున వచ్చింది. ఫోన్ చూసి నొసలు చిట్లించింది.

“నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నాను, ఈ గంతులొద్దు, పలక మీద దిద్దించండి అని. విన్నారా? రేపట్నుంచి మీరు రానక్కర్లేదు టీచర్.”

“నా పిల్ల కూడా రాదు,” అన్నాడు పెయింటర్.

పిల్ల అప్పుడు ఏడ్చింది. ఇంట్లో చెంపదెబ్బకి కూడా ఏడవలేదు, నిద్రలో ఉన్న తాత లేస్తాడని.

టీచర్ ముఖం జేవురించింది. “వెళ్తాను మేడమ్. కానీ ఆ దెబ్బ సంగతి తేలాకే వెళ్తాను.” తడిగుడ్డ తెచ్చి పిల్ల ముఖం తుడిచింది. “గోడకి ఆనుకుని నిలబడు తల్లీ. చెయ్యి పైకెత్తు. ఇంకా పైకి, మునివేళ్ల మీద లేచి.”

పిల్ల శాయశక్తులా సాగింది.

“ఏమండీ, మీ ఇంట్లో ఆ దండెం ఎంత ఎత్తులో ఉంటుంది?”

“నా గడ్డం దాకా. అయితే?”

“ఫోటోలో పైవరస దండేన్ని ఆనుకుని ఉంది. మీ అమ్మాయి చెయ్యి ఎందాకా వచ్చిందో చూడండి.”

పెయింటర్ చూశాడు. కంటితోనే కొలతలు తీసే మనిషి. పిల్ల వేళ్లు అతని గుండెల దాకా కూడా రాలేదు.

“స్టూలెక్కి ఉంటుంది,” అన్నాడు, గొంతు ఒక మెట్టు దిగి.

“ఇంట్లో స్టూలుందా?”

లేదు. స్టూలూ నిచ్చెనా రోజూ అతనితోనే పనికి వెళ్తాయి. ఉన్న ఒక్క కుర్చీ పొద్దంతా ఖాళీ ఉండదు.

అతను ఫోటోని వేళ్లతో పెద్దది చేశాడు. పొద్దున కోపంలో గోడంతా ఒకటే పిచ్చిగీతలా కనిపించింది. ఇప్పుడు చూస్తే వరసలున్నాయి. అట్టడుగున, కుర్చీ చేతి ఎత్తులో, కొండా లేదు పిట్టా లేదు, వణికిన గీతలే. ఆ పైన కొండ సగం. ఇంకా పైన కొండ మొత్తం. దండెం దగ్గర మాత్రం గుండ్రటి కొండ, దాని నెత్తిన బుల్లి పిట్ట.

పెయింటర్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. రంగు మరకల చేత్తో పిల్ల చెంప తాకబోయి ఆగాడు.

“ఎవరమ్మా రాసింది?”

“చెప్పకూడదు. బాగా వచ్చేదాకా చెప్పనని ఒట్టేశాను.”

“కొట్టనే! నా బంగారు తల్లివి కదూ, చెప్పు.”

పిల్ల టీచర్ వైపు చూసింది. టీచర్ తలూపింది. పిల్ల ముక్కు ఎగబీల్చి, తన తప్పు తాను ఒప్పుకుంటున్నట్టుగా అంది.

“తాత ఎడమచేత్తో రాస్తానంటే నేనే ఒప్పుకోలేదు నాన్నా.”