తెర వెనక అన్నయ్య

ముల్లు దిగి చీము పట్టిన కాలితో కుందేలు కుంటుకుంటూ అడవిలోని ఉచిత వైద్యశిబిరానికి వచ్చింది. అక్కడ కట్లు కట్టే సేవకుడు గండుపిల్లి.

"తెర వెనక్కి రా చెల్లెమ్మా!"

ఆ పిలుపులో తేనె మరీ ఎక్కువైందనిపించింది కుందేలుకి.

"కాలికి కట్టు కట్టడానికి తెరెందుకు? ఆడరోగిని ఒంటరిగా చూడకూడదని బోర్డు మీద మీరే రాశారుగా?"

"అది పరాయివాళ్లకమ్మా. నేను అన్నయ్యని."

కాలు సలుపుతోంది. శిబిరం మళ్లీ నెలకి గానీ రాదు. అయినా కుందేలు కదల్లేదు.

"అన్నయ్యవైతే మరీ మంచిది. వదినని పిలువు, ఆవిడ ఎదుటే కట్టు కట్టు."

పిల్లి మీసాలు వాలిపోయాయి. వరసలో నిలబడ్డ కౌజుపిట్ట గొంతు అప్పుడు పెగిలింది.

"పోయిన నెల నాకూ అన్నయ్యే అయ్యాడు."

గొడవ విని వచ్చిన డాక్టరు ఏనుగమ్మ పిల్లిని బయటికి నెట్టింది. కుందేలు కాలు కడుగుతూ కౌజుపిట్టతో అంది: "మొత్తం చెప్పు తల్లీ, వింటాను."